ట్యూబాలన్నీ ఒకేలా ఎందుకు ఉండవు?

ప్రశ్న: ఆర్కెస్ట్రా వీడియోల్లో ఒకరి ట్యూబా (బాగా మంద్రంగా పలికే, ఊదే ఇత్తడి వాద్యం) ఒళ్లో ఇమిడిపోతుంది, ఇంకొకరిది వాయించే మనిషినే కప్పేస్తుంది. స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే వాల్వులు కూడా రకరకాలు. అసలు దీన్ని మొదట తయారుచేసింది ఎవరు?

జవాబు: దీనికి తేదీతో సహా జవాబుంది. ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైనిక బ్యాండ్ల కోసం పనిచేసిన విల్హెల్మ్ వీప్రెహ్ట్, బెర్లిన్‌లో వాద్యాలు చేసే యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్స్ కలిసి 1835 సెప్టెంబర్ 12న బాస్ ట్యూబాకు పేటెంట్ తీసుకున్నారు. దానిది ఎఫ్ శ్రుతి (ఎఫ్, సి, బి-ఫ్లాట్ అనేవి పాశ్చాత్య స్వరాల పేర్లు), ఐదు వాల్వులు. ఇప్పటివాటితో పోలిస్తే సన్నటి వాద్యమే.

అంతకుముందు బ్యాండ్లలో మంద్రస్వరాలు పలికించే పని చేసింది ఆఫిక్లైడ్ అనే ఊదే వాద్యం. దాని ఒంటినిండా రంధ్రాలు, వాటిపై మూతలు. ఏ మూత తెరిస్తే శబ్దం అక్కడినుంచే ఎక్కువగా బయటికొచ్చేది, అందుకే ఒక్కో స్వరానిది ఒక్కో గొంతు. వాల్వులు వచ్చాక రంధ్రాల అవసరమే పోయింది. వాల్వు నొక్కితే గాలి అదనపు గొట్టంలోంచి చుట్టూ తిరిగి వస్తుంది, శబ్దం మాత్రం ఎప్పుడూ పెద్ద నోటినుంచే. నా దృష్టిలో ట్యూబాను ట్యూబాగా చేసింది ఇదే.

అయితే వాల్వులతో ఒక చిక్కు ఉంది. నేను వాయించే బి-ఫ్లాట్ ట్యూబాలో గొట్టం దాదాపు 18 అడుగులు. ఒకటో వాల్వు, మూడో వాల్వు కలిపి నొక్కితే రావలసిన స్వరానికి ఇంకో 5 అంగుళాల గొట్టం తక్కువ పడుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఆ రెంటికి బదులు, సరిపడా పొడవున్న గొట్టంతో వచ్చే నాలుగో వాల్వు వాడుకుని ఆ లోటు తీర్చుకుంటాం. 1874లో డేవిడ్ బ్లెయిక్లీ ఇంకో దారి కనిపెట్టాడు: వాల్వులు కలిపి నొక్కినప్పుడు గాలి తనంతట తానే మరికొంత గొట్టంలోకి వెళ్తుంది. బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్లలో నేటికీ ఆ పద్ధతే. ఎంత గొప్ప ఆలోచనో!

ఇక పరిమాణం సంగతి. చెక్ తయారీదారు చెర్వెనీ 1845లో ఇంకా పెద్దదైన కాంట్రాబాస్ ట్యూబా చేశాడు. జర్మనీ, ఆస్ట్రియా వైపు రోటరీ వాల్వులు (గుండ్రంగా తిరిగేవి) నిలిచాయి, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో పిస్టన్లు (పైకీ కిందికీ కదిలేవి). ఫ్రెంచివాళ్లు చాలాకాలం ఆరు వాల్వుల చిన్న సి ట్యూబానే వాయించారు.

మీరు చూసిన ఆ భారీ ట్యూబా కథ అమెరికాది. 1930లలో స్టకోవ్‌స్కీ సంగీత నిర్దేశకుడిగా ఉన్న ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కోసం, గ్రాండ్ ర్యాపిడ్స్‌లోని యార్క్ కంపెనీ రెండు పెద్ద సి ట్యూబాలు చేసింది. వాటిలో ఒకటి ట్యూబా వాద్యకారుడు ఆర్నాల్డ్ జేకబ్స్ చేతికొచ్చింది. చికాగో సింఫనీలో దశాబ్దాలపాటు ఆయన దాని మీద పలికించిన నాదం విని ప్రపంచమంతా అలాంటిదే కావాలంది. స్విట్జర్లాండ్‌లో హిర్ష్‌బ్రూనర్, జపాన్‌లో యమహా దాన్ని కొలిచి నకళ్లు చేశాయి. ఈసారి వీడియోలో అంత పెద్ద ట్యూబాకు ముందు నాలుగు పిస్టన్లు, పక్కన ఒక రోటరీ కనిపిస్తే, అది చాలావరకు ఆ యార్క్ వంశమే.