గుండె ఆగిందని దగ్గర్లోని వాలంటీర్ ఫోన్‌కు ఎలా తెలుస్తుంది?

గుండె ఆగిన మనిషి దగ్గరికి చుట్టుపక్కల ఉన్న వాలంటీర్లను పిలిచే యాప్‌లు కొన్ని చోట్ల ఉన్నాయి. ఆ యాప్ తనంతట తాను ఏదీ కనిపెట్టదు. ఎవరో ఒకరు ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. మనిషికి స్పృహ లేదు, ఊపిరి మామూలుగా లేదు అని తేలగానే కాల్ సెంటర్ సిబ్బంది అంబులెన్స్‌తో పాటు అలర్ట్ కూడా పంపుతారు. అది దగ్గర్లో ఉన్న, పేరు నమోదు చేసుకున్న వాలంటీర్లకు చేరుతుంది. ఇక్కడే మొదటి చిక్కు: గుండె ఆగాక కూడా కొందరు ఎగశ్వాసలా గాలి పీలుస్తారు. దాన్ని ఊపిరి ఆడటం అనుకుంటే అలర్టే వెళ్లదు.

అందరినీ రోగి దగ్గరికే పంపడం దండగ. ఒకరిద్దరు నేరుగా వెళ్లి సీపీఆర్ (రక్తం ఆడేలా ఛాతీని పదేపదే నొక్కడం) మొదలుపెట్టాలి, మరొకరు గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం తేవాలి. రాత్రిళ్లు తాళం పడే ఆఫీసులోని ఏఈడీ మ్యాప్‌లో ఉన్నా లేనట్టే.

స్టాక్‌హోమ్‌లో 500 మీటర్ల పరిధితో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వాలంటీర్లకు అలర్ట్ పంపిన కేసుల్లో 62 శాతం మందికి అంబులెన్స్ రాకముందే సీపీఆర్ అందింది. పంపని కేసుల్లో 48 శాతం. బతికినవారి సంఖ్యలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు.

వాలంటీర్ ఫోన్‌లో లొకేషన్ అనుమతి 'ఎల్లప్పుడూ' అని ఉండాలి, బ్యాటరీ సేవర్ నుంచి యాప్‌ను మినహాయించాలి, సైలెంట్‌లోనూ మోగేలా పెట్టాలి. ఈ సెట్టింగులు సరిగ్గా లేకపోతే అలర్ట్ అందకపోవచ్చు. అపార్ట్‌మెంట్లలో జీపీఎస్ అంతస్తు చెప్పదు, అలర్ట్‌లో ఫ్లాట్ నంబర్ ఉండాల్సిందే.

చేరాక ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెం.మీ. లోతుకు నొక్కాలి; రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి.