పరిశోధన కార్యక్రమం చేపట్టిన అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చి. అమ్మాయికి,

నీ ఫోన్ వచ్చినప్పటినుంచి నీ కొత్త బాధ్యత గురించే ఆలోచిస్తున్నాను. గిరిజన పసిపిల్లల ఆరోగ్యం మీద దేశమంతటా పరిశోధన నడిపించడమంటే టెన్షన్ ఉంటుంది. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

సగటు చూసి ఆగిపోకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల మరణాలు దేశం మొత్తం మీద వెయ్యికి 42, గిరిజనుల్లో 50. ఆ 50 కూడా సగటే. రోడ్డు పక్క ఊరికీ, గర్భిణిని డోలీలో మోసుకురావలసిన గూడేనికీ ఉన్న తేడా అందులో కనపడదు. ఆ తేడా తెలియాలంటే శాంపిల్ లెక్క వేసేటప్పుడే దూరపు గూడేలను ఎక్కువగా తీసుకోవాలి. సర్వే అయ్యాక అడిగితే రాదు.

ఇక డబ్బు. ప్రతిపాదనలు పిలిస్తే పెద్ద నగరాల సంస్థలవే అందంగా ఉంటాయి. ఏజెన్సీ దగ్గరి చిన్న కాలేజీ డాక్టరుకు అక్కడి జబ్బులు తెలుసు, ప్రతిపాదన రాయడం అలవాటు లేదు. మార్కులు వేయకముందే అలాంటివాళ్లను పిలిచి, పక్కన కూర్చుని రాయించు. లేకపోతే ఏ అసమానత తగ్గించాలని బయలుదేరామో దాన్నే మన నిధులతో పెంచినవాళ్లమవుతాం. ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఆలస్యమై రెండో విడత ఆగితే ముందు ఆగేది ఫీల్డ్ వర్కర్ల జీతమే. నా ప్రాజెక్టులో ఒకసారి ఐదు నెలలు అలా ఆగింది. అక్కడి గిరిజనుల కువి భాష మాట్లాడే ఇద్దరు అమ్మాయిలు మానేశారు. తర్వాత వచ్చినవాళ్లకు ఆ భాష రాదు, వాళ్లు తెచ్చిన జవాబులు దేనికీ పనికిరాలేదు. నేను ముందే చూసుకోవలసింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సమ్మతి పత్రాల సంగతి నువ్వే స్వయంగా చూడు. 2009లో మన ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది. చాలా పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. మరుసటి ఏడాది దాన్ని ఆపేశారు, పార్లమెంటరీ సంఘం కూడా తప్పుపట్టింది. పిల్ల హాస్టల్లో ఉంటే సంతకం కోసం తల్లి ఊరికి వెళ్లాలి. ఆ జీపు ఖర్చు బడ్జెట్‌లో ముందే రాసుకో.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో జరిగిన పని నీకు తెలిసిందే. ఆసుపత్రి దూరమని అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పించారు. 1999లో వెలువడిన ఫలితాల్లో నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి. ఇప్పుడు ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లి బిడ్డ బరువు చూస్తోందంటే దాని వెనక ఆ పని ఉంది. అందుకే నీ సలహా సంఘంలో ప్రొఫెసర్లతో పాటు ఆశాలనూ కూర్చోబెట్టు. వాళ్ల రోజు కూలీ, బస్సు చార్జీ తప్పకుండా ఇవ్వు.

సంత రోజున సర్వే పెట్టకు, ఇళ్లలో ఎవరూ ఉండరు. ప్రశ్నల చిత్తుప్రతి ఈ నెలాఖరులోగా పంపు, చదివి పెడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న