మాల్ కప్పు పీకేద్దామంటున్నారు, డబ్బులు కట్టాలా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది బరంపురం. ఇక్కడ ఒక పాత మాల్‌లో ఫస్ట్ ఫ్లోర్లో లోన్ పెట్టి చీరల షాపు కొనుక్కున్నాం. ఇప్పుడు ఎస్కలేటర్ ఆగిపోయింది, పైనంతా మూసిన షట్టర్లే, ఏసీ సాయంత్రం రెండు గంటలు వేస్తారు గానీ మెయింటెనెన్స్ మాత్రం ఫుల్లు. మధ్యలో గ్లాస్ కప్పు తీసేసి ఓపెన్ మాల్ చేద్దాం, షాపుకి ఇంత అని వేసుకోండి అంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: తొందరపడకండి. ఈ మూతేసిన మాల్ మొదట పుట్టిందే చలి ఊళ్ళో అండీ, 1956లో అమెరికా మిన్నెసోటాలో విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్ట్ సౌత్‌డేల్ అని కట్టాడు, అక్కడ మంచుకి బయట తిరగలేరు కాబట్టి షాపులన్నీ లోపలికి తిప్పి రోడ్డుకి గోడ చూపించాడు. ఆ గోడని మనం ఈ గంజాం జిల్లా ఉక్కపోతలోకి తెచ్చుకుని కరెంటు బిల్లు కడుతున్నాం. ఇక కప్పు పీకడం అంటారా, కాలిఫోర్నియాలో శాంటా మోనికా ప్లేస్ కప్పు తీసి 2010లో మళ్ళీ తెరిచారు, బానే ఉంది, కానీ అక్కడ పడే వానెంత? ఇక్కడ జూన్ నుంచి అక్టోబర్ దాకా జల్లు కొడుతుంటే పట్టుచీర ఎవరు విప్పి చూస్తారు. పోనీ గ్లాస్ బదులు తేలిక రేకులేద్దాం అంటారేమో, 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు రేకులు ఏమయ్యాయో మీకు నేను చెప్పాలా!

కప్పు ఉంచండి, గోడలు తెరవండి. మాల్ పిల్లర్ల మీద నిలబడుద్ది, లోపలి గోడలు చాలావరకు పార్టిషన్లే, స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించి కింద షాపులకి రోడ్డు వైపే షట్టర్లు పెట్టి ముందు వసారా దించండి. కప్పు అంచున చుట్టూ లూవర్లు, అంటే గాలి పోయేలా వాలుగా పెట్టే పలకలు, పెడితే వేడిగాలి పైనుంచి పోద్ది, ఏసీ షాపుల్లోపల ఉంటే చాలు.

పై ఫ్లోర్లకి షాపులు మళ్ళీ వస్తాయని నాకైతే నమ్మకం లేదు. అమెరికా నాష్‌విల్‌లో వన్ హండ్రెడ్ ఓక్స్ అనే మాల్‌లో కింద షాపులుంచి పైన వాండర్‌బిల్ట్ ఆసుపత్రి క్లినిక్‌లు పెట్టింది. ఇక్కడ ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రోజూ చుట్టుపక్కల ఊళ్ళ జనం వస్తారు కదా, ల్యాబులు, స్కానింగ్, కోచింగ్ సెంటర్ అడిగి చూడండి. కాకపోతే నీళ్ళ లైన్లు టాయిలెట్ల దగ్గరే ఉంటాయి, ఫైర్ ఎన్ఓసీ కూడా కొత్తగా తీసుకోవాలి.

అసలు గొడవ ఇంకోటుంది, షాపులు ముక్కలుగా అమ్మేశారు కాబట్టి ఎవరి షట్టర్ వాళ్ళిష్టం, ఒకడు మూస్తే పక్కోడి బేరం పోద్ది. పైగా రోడ్డు షట్టర్ల లాభం కిందోళ్ళకే, మీది ఫస్ట్ ఫ్లోర్. రోడ్డు నుంచి నేరుగా పైకి బయటి మెట్లు వేస్తామని కాగితం మీద రాసిస్తేనే చెక్కివ్వండి. ఎస్కలేటర్ మీద మాత్రం ఇంకో రూపాయి పెట్టకండి.