ఒకే వేణువుతో వేరే శ్రుతిలో వాయించవచ్చా?

మీ దగ్గర ఉన్నది ఐదున్నర శ్రుతి వేణువు ('స' జి షార్ప్‌లో పలికేది) ఒక్కటే. భజనలో ఆడవాళ్లు ఐదున్నరకూ, మగవాళ్లు ఒకటిన్నరకూ పాడుతున్నారు. శ్రుతికొక వేణువు కొనాలా అని కదా మీ సందేహం. ఈ రెండింటికైతే అక్కర్లేదు. మా గుడిలో ధనుర్మాసం భజనలకు నేనూ ఆ ఒక్కదానితోనే కూర్చుంటాను.

కర్ణాటక పద్ధతిలో పై రెండు బెజ్జాలు మూస్తే షడ్జమం, అంటే 'స'. ఏ బెజ్జాన్నీ సగం మూయకుండా వాయిస్తే వచ్చేది హరికాంభోజి రాగం. ఆరు మూస్తే శుద్ధ మధ్యమం. ఇప్పుడు ఆ మధ్యమాన్నే 'స' అనుకోండి. ఐదున్నరకు మధ్యమమంటే ఒకటిన్నరే, అంటే సి షార్ప్. అక్కడి నుంచి ఒక్కో వేలూ ఎత్తుకుంటూ పోతే శంకరాభరణం దానంతట అదే పలుకుతుంది. గ్రహభేదం అని పాఠంలో చెప్పేది ఇదే. ఐదు మూసి ఆ పంచమాన్ని 'స' చేసుకుంటే రెండున్నర శ్రుతిలో ఖరహరప్రియ వస్తుంది.

మోహన రాగం (స రి గ ప ద) వాయించి చూడండి. మామూలు 'స' నుంచైతే గాంధారానికి వేళ్లన్నీ లేచి ఉంటాయి, వెంటనే పంచమానికి ఐదు వేళ్లూ ఒక్కసారిగా పడాలి, ఊపిరీ మారాలి. ఆరు మూసిన 'స' నుంచైతే మూసే బెజ్జాలు వరసగా ఆరు, ఐదు, నాలుగు, రెండు, ఒకటి. అంతే! నాకైతే మోహనం ఇక్కడే హాయి. హిందోళం మాత్రం ఇక్కడ ప్రాణం తీస్తుంది. గాంధారం, ధైవతం, నిషాదం మూడూ సగం బెజ్జాల మీదే పలికించాలి.

ఇంకో చిక్కుంది. ఆరు మూసిన 'స' కింద ఏడో బెజ్జంతో ఒక్క నిషాదమే దొరుకుతుంది. పాట మంద్రానికి దిగితే ఆ ముక్కను పై స్థాయిలో వాయించాల్సిందే. గమకాలకూ వేళ్లు కొత్తగా అలవాటు కావాలి. అందుకే కచేరీ విద్వాంసులు సంచీ నిండా వేణువులు తెచ్చుకుంటారు. కీబోర్డ్ ఆయనకేం, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తాడు!

చలికాలం పొద్దున్నే వేణువు కాస్త దిగి పలుకుతుంది, హార్మోనియం మనకోసం తగ్గదు. పాట మొదలుకాకముందే బెజ్జాలు మూసి కాసేపు వెచ్చటి ఊపిరి ఊదండి. ఇంకా కొంచెం తగ్గినట్టుంటే ఊదే బెజ్జాన్ని పెదవి నుంచి బయటికి తిప్పితే పెరుగుతుంది. ఇది చిన్న తేడాలకే, అర స్వరం దూరాన్ని దీంతో సర్దలేం.

రెండోది కొనాలనుకుంటే ఐదు శ్రుతిది, అంటే జి (G), తీసుకోండి. ఇదే పద్ధతిలో దాని మీద ఐదూ, ఒకటీ రెండూ వాయించవచ్చు. కొనేటప్పుడు మీద రాసిన అక్షరాన్ని మాత్రం నమ్మకండి. హిందుస్తానీ బాన్సురీకి మూడు బెజ్జాలు మూసినప్పుడు వచ్చేది 'స'. కాబట్టి 'ఈ' (E) అని రాసిన బాన్సురీ మన వేళ్ల పద్ధతిలో ఎఫ్ షార్ప్, అంటే నాలుగున్నర అవుతుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, రెండు బెజ్జాలు మూసి ఊది, జి చూపిస్తేనే డబ్బులివ్వండి.