రిజిస్టర్ల పట్టిక అడిగితే భద్రత అంటారేం?

ప్రశ్న: చిన్న లినక్స్ బోర్డు ఒకటి కొన్నాను. పిన్నులకి ప్రోగ్రాం రాద్దామంటే పెట్టెలో ఒక్క మడత కాగితమే ఉంది. సర్క్యూట్ బొమ్మ, రిజిస్టర్ల (చిప్‌కి ఆదేశాలిచ్చే చిన్న మెమరీ గళ్ల) పట్టిక పంపమని కంపెనీకి రాస్తే ‘భద్రతా కారణాల వల్ల ఇవ్వలేం’ అన్నారు. ఇది సబబేనా? – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: కాదు. బోర్డు పేరు మారుతోంది తప్ప ఈ ఉత్తరం ఆగడం లేదు.

1978 నాటి యాపిల్ 2 రిఫరెన్స్ మాన్యువల్‌లో సర్క్యూట్ బొమ్మ, రోమ్ చిప్‌లో ఉండే మూల ప్రోగ్రాం ‘మానిటర్’ లిస్టింగ్ రెండూ ఉన్నాయి. 1981లో ఐబీఎం తన పీసీని మొదలుపెట్టే ప్రోగ్రాం బయోస్ మొత్తాన్ని టెక్నికల్ రిఫరెన్స్‌లో అచ్చేసింది. ఆనాటి ఇంటి కంప్యూటర్ కమోడోర్ 64 ప్రోగ్రామర్ల గైడ్‌నే చూడండి. అందులో ‘పోక్’ అంటే ఒక చిరునామాలో విలువ రాయడం, ‘పీక్’ అంటే చదవడం. ‘పోక్ 53280,0’ కొడితే తెర అంచు నల్లబడుతుందని తడుముకుంటూ అయినా కనిపెట్టొచ్చు. సౌండ్ చిప్ దగ్గర ఆ పప్పులుడకవు. 54272 నుంచి 54296 దాకా ఉన్న 25 రిజిస్టర్లూ రాయడానికే, చదవడానికి కావు. చివరిదాంట్లో కింది 4 బిట్లు వాల్యూమ్‌వి, వాటి పై 3 బిట్లు ఫిల్టర్ రకానివి. వాల్యూమ్ పెంచుదామని పీక్‌తో చదివి ఒకటి కలిపి తిరిగి రాశారో, ఫిల్టర్ సెట్టింగ్ గల్లంతు. రాసిన విలువ నకలును మెమరీలో విడిగా దాచుకుని, దాన్నే మార్చి పంపాలి. పట్టికలో ‘రాయడానికి మాత్రమే’ అన్న రెండు మాటలు లేకపోతే, తప్పు మన ప్రోగ్రాంలోనే ఉందనుకుంటూ రాత్రంతా వెతుక్కోవాల్సిందే.

ఇక భద్రత. తాళం ఎలా పనిచేస్తుందో అందరికీ తెలిసినా తాళంచెవి ఒక్కటీ దాస్తే చాలని రహస్య లిపుల నిపుణుడు కెర్‌కాఫ్స్ 1883లోనే చెప్పాడు. రిజిస్టర్ల పట్టిక తాళంచెవి కాదు. ప్రతి బోర్డుకీ ఒకే రూట్ (సర్వాధికారాల) పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం మాత్రం ముమ్మాటికీ ప్రమాదమే.

నాకు అన్నిటికన్నా భయం వేరే ఉంది. పత్రాలు దొరక్క జనం టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి ‘లీకైన ఎస్‌డీకే’ (ప్రోగ్రామర్ల సాఫ్ట్‌వేర్ కిట్) జిప్ దింపుకుని, అందులో బోర్డుకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఫ్లాషింగ్ టూల్‌ను విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతున్నారు. యాంటీవైరస్ ఆపేయమని దాని రీడ్‌మీలోనే రాసి ఉంటుంది. ఆ మాట కనిపిస్తే ఫైలు అక్కడికక్కడే తీసేయండి. అలాంటి టూల్ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను ఎత్తుకుపోగలదు. అది బోర్డులోకి ఎక్కించిన ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ మూట) మీ వైఫై లోపల కూర్చుని మిగతా పరికరాలనూ చూడగలదు.

దానికి బదులు, బోర్డు పంపే అక్షరాలను పీసీలో చూపించే 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కొనండి. గ్రౌండ్‌కి గ్రౌండ్, బోర్డు టీఎక్స్‌కి (పంపే పిన్ను) అడాప్టర్ ఆర్ఎక్స్ (అందుకునే పిన్ను), ఆర్ఎక్స్‌కి టీఎక్స్ కలపండి. నాలుగో తీగ, అంటే కరెంటు ఇచ్చే వీసీసీ, వదిలేయండి. 5 వోల్టులు తగిలితే చిప్ పిన్ను మాడిపోవచ్చు. పీసీలో సీరియల్ టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి, వేగం 115200తో మొదలుపెట్టండి. పిచ్చి అక్షరాలు వస్తే 1500000 పెట్టి చూడండి, రాక్‌చిప్ కంపెనీ చిప్ ఉన్న బోర్డులు చాలావరకు ఆ వేగంతోనే మాట్లాడతాయి. బూట్ అవుతున్నప్పుడు ఏ చిప్, ఏ కెర్నల్ (లినక్స్ మూల భాగం) అన్నది అక్కడే కనిపిస్తుంది.

ఆ కెర్నల్ వెర్షన్ నంబరు రాసి పెట్టుకుని కంపెనీకి మళ్లీ ఉత్తరం రాయండి. ఈసారి పత్రాలతో ఆగకండి. లినక్స్ కెర్నల్‌కి వర్తించేది జీపీఎల్ 2 అనే లైసెన్సు. బోర్డుతో పాటు కెర్నల్‌ను పంచినవాళ్లు సరిగ్గా ఆ వెర్షన్ సోర్స్‌ను (మనుషులు రాసిన అసలు ప్రోగ్రాంను), దాన్ని కంపైల్, ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్ట్‌లతో సహా ఇవ్వాలి. అందులో బోర్డు హార్డ్‌వేర్‌ను వివరించే డివైస్ ట్రీ ఫైల్లో మీ పిన్నులు, రిజిస్టర్ల మూల చిరునామాలు చాలావరకు దొరుకుతాయి.