వడ్ల కుప్ప దగ్గర మొదలైన ఒక అందాజ లెక్క

లెక్కలంటే పరీక్షల టెన్షన్ తప్ప ఇంకేమీ గుర్తురాదని చాలామంది అంటారు. ఉత్త హెచ్చవేతలు, భాగహారాలతోనే ఒళ్లు జలదరించిన అనుభవం మాత్రం నాకుంది.

మాది ములుగు వైపు, రామప్ప చెరువు కింద పొలం. కాకతీయుల నాటి ఆ చెరువు నీళ్లతో పండిన వడ్లే మేం తిని పెరిగాం. హన్మకొండలో ఉద్యోగం చేస్తున్నా, యాసంగి (రబీ) కోతలప్పుడు ఊరికి పోతాను. రెండేళ్ల కింద వడ్లు కొనుగోలు సెంటర్లో పోసి కాంటా కోసం ఎదురుచూస్తున్నాం. మబ్బు పడితే టార్పాలిన్ కప్పడం, ఎండ వస్తే మళ్లీ ఆరబోయడం, రోజంతా అదే పని. ఐదో తరగతి చదివే మా బిడ్డ కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి "ఇండ్ల ఎన్ని గింజలుంటయి డాడీ?" అని అడిగింది.

లెక్కపెట్టలేం అనబోయి ఆగాను. లెక్కపెట్టలేం, నిజమే, కానీ అందాజ కట్టొచ్చు.

రాత్రి పేపర్ పరిచి ఇద్దరం 500 గింజలు లెక్కపెట్టాం. వంటింటి చిన్న డిజిటల్ కాంటా మీద పోస్తే 12 గ్రాములు. అంటే గ్రాముకు నలభై గింజల పైచిలుకు, కిలోకు నలభై వేలు. మాకు ఎకరానికి 25 క్వింటాళ్లు, అంటే 2,500 కిలోలు వచ్చాయి. హెచ్చవేస్తే ఎకరానికి 10 కోట్ల గింజలు! 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ జనం మూడున్నర కోట్లు. మా ఒక్క ఎకరం గింజలు రాష్ట్రంలో మనిషికి దాదాపు మూడు చొప్పున పంచొచ్చు. మా బిడ్డ "అందరికా? ఆదిలాబాద్‌లో ఉన్నోళ్లకు కూడానా?" అని రెండుసార్లు అడిగింది.

దీన్ని కాకి లెక్క అనుకోకండి. ఎన్రికో ఫెర్మి అనే భౌతిక శాస్త్రవేత్త షికాగోలో విద్యార్థులకు ఇలాంటి ప్రశ్నలే ఇచ్చేవాడు. ఈ నగరంలో పియానోలు సరిచేసేవాళ్లు ఎంతమంది ఉంటారు అని. జనం ఎంత, ఎన్ని ఇళ్లలో పియానో ఉంటుంది, ఒకరు రోజుకు ఎన్ని చూడగలరు అని విడగొట్టుకుంటూ పోవాలి. ఒకచోట ఎక్కువ అనుకుంటాం, ఇంకోచోట తక్కువ అనుకుంటాం, హెచ్చవేసేటప్పుడు ఆ తప్పులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. 1945 జూలై 16న మొదటి అణుబాంబు పరీక్షలో గాలి తాకిడికి కాగితం ముక్కలు ఎంత దూరం కొట్టుకుపోయాయో చూసి, దాని శక్తి 10 వేల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు మందుకు సమానమని ఆయన అక్కడే చెప్పాడు. అసలు విలువ దానికి రెండింతల పైనే. కాగితం ముక్కలతో అంత దగ్గరికి రావడం మామూలు విషయం కాదు.

ఇంకో దారిలో పోయినా అదే జవాబు వస్తుందా అని చూడటం నాకు అన్నిటికంటే ఇష్టం. మర్నాడు కోసిన పొలంలో టేపుతో ఒక చదరపు గజం గీసి, కొయ్యకాళ్లను బట్టి కుదుళ్లు, అంటే ఒక్కోచోట కలిపి నాటిన నారు గుంపులు, లెక్కపెట్టాం. 31 ఉన్నాయి. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి లక్షన్నర కుదుళ్లు. పది కోట్ల గింజలను వాటికి పంచితే కుదురుకు 660 పైన రావాలి. మెషీన్ తిరగని మూలలో ఒక కుదురు మిగిలి ఉంది. ఏడు కంకులు. ఒక కంకి దులిపితే తాలు పోను 88 గింజలు, ఏడు కంకులకు 616. ఎర్రటి ఎండలో, ఆ గట్టు మీద, మా బిడ్డ గంతులేసింది. నాకూ అలాగే అనిపించింది.

లక్షన్నర అన్న అంకె దగ్గర నేను ఆగిపోయాను. ప్రతి కుదురూ ఎవరో ఒకరు చేత్తో నాటినదే కదా. ఎకరానికి పది మంది అనుకుంటే మనిషికి 15 వేలు. ఎనిమిది గంటలంటే 28,800 సెకన్లు. అంటే రోజంతా వంగి, రెండు సెకన్లకు ఒకసారి వేళ్లు బురదలో దిగాలి. మా అమ్మ ముప్పై ఏళ్లు నాట్లకు పోయింది. నాట్ల రోజుల్లో రాత్రిపూట ఒరిసిన వేళ్ల సందుల్లో పసుపు, నూనె రాసుకునేది. చిన్నప్పుడు రోజూ చూశాను గానీ, ఆ చేతులు అట్లా ఎందుకైనయో ఏనాడూ ఆలోచించలేదు.

అందుకే ఇంకొంచెం ముందుకు పోయాను. వానాకాలం, యాసంగి కలిపి ఏడాదికి 30 రోజులు, అట్లా 30 ఏళ్లు, మొత్తం 900 రోజులు. పది మందికి ఎకరం చొప్పున ఆమె వంతు 90 ఎకరాలు. అప్పటి పంట తక్కువ కాబట్టి ఎకరానికి 20 క్వింటాళ్లే వేశాను. నూరు కిలోల వడ్లకు 67 కిలోల బియ్యం లెక్కన 1,20,000 కిలోలు. మనిషి రోజుకు అరకిలో తింటే ఏడాదికి 180 కిలోలు. డెబ్బై ఏళ్ల నిండు జీవితాలు తొమ్మిది పైచిలుకు! పుట్టినప్పటి నుంచి పోయేదాకా తొమ్మిది మంది తిన్న అన్నం మా అమ్మ చేతి మీదుగా వచ్చింది.

సాయంత్రం ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అంతా విని, "పది మందా? మేం పది మంది ఎప్పుడు పడ్డం బిడ్డా? గుత్తకు పట్టినమంటే ఆరుగురమే ఎకరం. పొద్దు పొడవకముందు దిగితే పొద్దు గూకినంకనే ఒడ్డెక్కేది" అంది.

మళ్లీ లెక్క కట్టాను. ఆరుగురైతే 150 ఎకరాలు, రెండు లక్షల కిలోల బియ్యం, పదహారు మంది. రోజుకు 25 వేల కుదుళ్లు. పది గంటలు పనిచేసినా ఒక్కోదానికి ఒకటిన్నర సెకను కూడా దొరకదు. ఇది సాధ్యమేనా అన్నాను.

అమ్మ వంటింట్లోంచి కొత్తిమీర కట్ట తెచ్చింది. ఎడమ చేత్తో పట్టుకుని బొటనవేలితో మూడేసి కాడలు విడదీస్తూ, కుడిచేత్తో పెరట్లో తడిపిన మడిలో గుచ్చుకుంటూ వెనక్కి జరిగింది. చేతుల వంక చూడనైనా లేదు. మా బిడ్డ ఫోన్‌లో టైమ్ పెట్టింది. పది కుదుళ్లకు 14 సెకన్లు.