రోజుకో వైద్యమంత్రం, రాజుగారికి నిత్యయౌవనం?

ప్రశ్న: మిత్రులతో నేను నడిపే ఊహాలోకపు ఆటలో ఒక పూజారిణి పాత్ర ఉంది. గాయాలు మాన్పుతుంది, జబ్బులు నయం చేస్తుంది. రోజూ పొద్దున్నే రాజుగారికి వైద్యమంత్రం వేస్తే ఆయనకు ముసలితనమే రాదని ఆ పాత్ర ఆడే మిత్రుడి వాదన. నేనేం చెప్పాలి?

జవాబు: ముందు ఆయన్నే ఒక మాట అడగండి: ముసలితనం గాయమా, జబ్బా? రెండూ కాదు, కాబట్టే చిక్కు. ఇలాంటి ఆటల్లో పేరున్న ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడో ఎడిషన్ నియమాల్లో మనిషికి 35 ఏళ్లు రాగానే బలం, చురుకు, దేహదార్ఢ్యం ఒక్కో పాయింటు తగ్గేవి. తెలివి, వివేకం, ఆకర్షణ ఒక్కోటి పెరిగేవి. 53కీ, 70కీ మళ్లీ కోత, మళ్లీ పెంపు. దెబ్బ తగిలితే తగ్గే ప్రాణశక్తి పాయింట్లను మళ్లీ నింపే మంత్రానికి ఇక్కడ పనేముంది? వయసును మొత్తంగా చెరిపేస్తానంటే, వచ్చిన వివేకం కూడా వెనక్కి ఇచ్చేయాలి మరి. నేను ఆట నడిపే బల్ల దగ్గరైతే వాదన సగం ఇక్కడే చల్లారుతుంది.

అదే ఆట 2014 నాటి అయిదో ఎడిషన్ నియమాల్లో నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. దయ్యం ముఖం చూసి ఒక్క క్షణంలో నలభై ఏళ్లు మీదపడినా, 24 గంటల్లోపు పెద్ద స్వస్థతా మంత్రం వేస్తే ఆ వయసు పోతుంది. అదే, చనిపోయి రెండు వందల ఏళ్లయిన వాడిని సైతం లేపే మహామంత్రం, 25,000 బంగారు నాణేల విలువైన వజ్రాలు ధారపోసినా, ముసలితనంతో పోయిన వాడి మీద పనిచేయదు. బయటినుంచి పడిన వయసు తొలగుతుంది. తాను బతికిన వయసు తొలగదు. మీరు పట్టుకోవాల్సిన గీత ఇదే.

శరీరశాస్త్రం అడిగితే మీ మిత్రుడు మరింత ఇరుక్కుంటాడు. గాయం మానడమంటే కణాలు విభజన చెందడం. మనిషి కణాలు ప్రయోగశాలలో దాదాపు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త చూపించాడు. మంత్రం ఆ పనినే తొందరపెడుతోందనుకుంటే, రోజూ వేయించుకునే రాజుగారు పక్కవాళ్లకంటే ముందే ముసలివాడవుతాడు! ఆ హద్దునే ఎత్తేస్తానంటారా, క్యాన్సర్ కణాలు చేసేదీ అదే. పైగా కంటి కటకం నడిమి భాగంలోని ప్రోటీన్లు పుట్టకముందు తయారైనవి, చివరిదాకా అవే. అరిగిన పంటి ఎనామిల్‌ను శరీరం మళ్లీ తయారుచేయదు. మాన్పడానికి అక్కడ జీవకణాలే లేవు.

మన పురాణాలూ దీన్ని ఉచితంగా ఇవ్వలేదు. యయాతి ముసలితనం నయం కాలేదు, దాన్ని ఆయన కొడుకు పూరుడు మోశాడు. దేవవైద్యులైన అశ్వినీదేవతలు ముసలి చ్యవన మహర్షిని పడుచువాణ్ణి చేశారు సరే, బదులుగా వాళ్లకు యజ్ఞంలోని సోమరసంలో వాటా ఇప్పించడానికి ఆయన ఇంద్రుడితోనే తలపడాల్సి వచ్చింది.

కాబట్టి వైద్యమంత్రంతో కాదని తేల్చేసి, యౌవనం కావాలంటే వేరే దారి పెట్టండి. అయిదో ఎడిషన్‌లోనే ఒక దీర్ఘాయువు పానీయం ఉంది. తాగితే 7 నుంచి 12 ఏళ్లు తగ్గుతాయి, కానీ రెండోసారి నుంచి అది తిరగబడి అన్నేళ్లూ పెరిగే అవకాశం పది శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. పాచికలు మాత్రం మీ మిత్రుడి చేతే వేయించండి. నాలుగో సీసా దగ్గర రాజుగారి వారసులంతా సభకు తప్పకుండా హాజరవుతారు.